పదకొండు మంది దొంగలు, ఒక మామిడి మండీ

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన నవల రాతప్రతిని రెండుసార్లు చదివాను. దామలచెరువు మామిడి మండీలో తరుగు పేరు చెప్పి రైతుల కష్టాన్ని కాజేసే యజమాని, అతడి ఇనప్పెట్టెను ఖాళీ చేయడానికి కూడిన పదకొండు మంది కుర్రవాళ్లు. ఊహ బాగుంది, దానికి ఎంచుకున్న చోటు ఇంకా బాగుంది. అయితే మొదటి అధ్యాయంలోనే ఆ పదకొండు మందినీ రేషన్ షాపు ముందు నిలబెట్టినట్లు వరుసగా నిలబెట్టి, పేరు, ఊరు, చదువు, చొక్కా రంగు చెప్పుకుంటూ పోయావు. నలభయ్యో పేజీకి వచ్చేసరికి ఎవరు ఎవరో తెలియక నేను మళ్లీ వెనక్కి తిరగవలసి వచ్చింది. దోపిడీ ముఠాల మీద హాలీవుడ్ తీసిన 'ఓషన్స్' చిత్రాలు చూసి ఈ నవల రాయాలనిపించిందని ఉత్తరంలో చెప్పావు కనుక, వాటినే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

2001లో స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసిన 'ఓషన్స్ ఎలెవెన్'లో జార్జ్ క్లూనీ, బ్రాడ్ పిట్, మాట్ డేమన్, జూలియా రాబర్ట్స్, ఆండీ గార్సియా ఉన్నారు. వాళ్ల పరిచయం సగం థియేటరు బయట పోస్టరే చేసిపెట్టింది. కాగితం మీద రాసే నీకూ నాకూ ఆ వసతి లేదు. అందుచేత నీవు గమనించవలసింది క్లూనీని కాదు, ఆ ముఠాలో ముఖం అంతగా తెలియనివాళ్లను. మాలోయ్ సోదరులు మనకు మొదట కనిపించేదే పందెంలో. ఒకడు పెద్ద చక్రాల ట్రక్కులో, రెండోవాడు రిమోట్‌తో నడిచే బొమ్మకారుతో. చివరికి ఆ ట్రక్కు బొమ్మకారును తొక్కేస్తుంది. వాళ్లకు ఒకరంటే ఒకరికి పడదని, అయినా విడిచి ఉండలేరని తెలియడానికి అంతకు మించి ఒక్క మాట కూడా అవసరం లేదు. లైనస్ అనే కుర్రవాణ్ణి చికాగో రైలులో జేబు కొడుతుండగా చూస్తాం. ముసలి సాల్‌ను కుక్కల పందేల దగ్గర చూస్తాం. ముఠాలోని యెన్ పాత్రధారి షావోబో చిన్ నిజంగానే శరీరాన్ని విల్లులా వంచగల విన్యాసకుడు. అతడు దాదాపు అంతా చైనా భాషలోనే మాట్లాడతాడు, ముఠాలో అందరికీ అది అర్థమవుతుంది, ఎందుకు అర్థమవుతుందో ఎవరూ మనకు చెప్పరు. చెప్పకపోవడం వల్లనే వాళ్ల పాత స్నేహం మీద మనకు నమ్మకం కుదురుతుంది. నీ పదకొండు మందిలో ఎంతమంది తమ పని చేస్తుండగా మాకు మొదటిసారి కనిపించారో లెక్క పెట్టి చూడు.

ఇక మారువేషాల సంగతి. నీ ముఠాలో ఒకడు పోలీసుగా, ఒకడు లారీ డ్రైవరుగా, ఇంకొకడు స్వామిగా వేషం కట్టారు. ఎందుకు ఆ వేషాలే అని అడిగితే నవలలో జవాబు దొరకలేదు. మన గంగమ్మ జాతర ఏటేటా చూస్తూ కూడా నీకు ఇది తట్టకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. దాక్కున్న పాలెగాడిని వెతుకుతూ అమ్మవారు బైరాగి వేషంలో వచ్చింది, బండ వేషంలో వచ్చింది, తోటి వేషంలో వచ్చింది; వాడు బయటికి రాలేదు. నాలుగో రోజున దొర వేషంలో వచ్చేసరికి, వచ్చినది తన కంటే పెద్దవాడనుకుని తనంతట తానే ఎదురువచ్చి తల పోగొట్టుకున్నాడు. వేషం వేసుకున్నవారి చాకచక్యం కంటే మోసపోయేవాడి బలహీనతే ఇక్కడ కథను నడిపించింది. సోడర్‌బర్గ్ చిత్రంలోనూ జరిగినది ఇదే. ముసలి సాల్ యూరప్ నుంచి వచ్చిన ఆయుధాల వ్యాపారిగా నటిస్తాడు. ముఠా దోచదలచిన మూడు కాసినోల యజమాని బెనెడిక్ట్ పెద్ద డబ్బున్నవాడికి మర్యాద చేసే మనిషి కనుక, అతడి బ్రీఫ్‌కేసును తన ఖజానాలోనే భద్రపరచడానికి ఒప్పుకుంటాడు. నీ మండీ యజమాని ఏ దొర వస్తే గుమాస్తాను పంపకుండా తానే లేచి వస్తాడు? పల్ప్ ఫ్యాక్టరీ తరఫున సీజను మొత్తం తోతాపురి కాయ కొంటానని వచ్చేవాడికా, కొడుక్కి సంబంధం తెచ్చినవాడికా? అది తేలితే నీ మూడో అధ్యాయం దానంతట అదే నడుస్తుంది.

పథకాన్ని పాఠకుడికి ఎంత చెప్పాలి అన్నదే ఈ రకం కథలో అన్నిటికంటే కష్టమైన విషయం. 2001 చిత్రంలో ఖజానా గదికి నకలు కట్టడం మన కళ్ల ముందే జరుగుతుంది. అది సాధన కోసమని చెబుతారు, మనం నమ్ముతాం. చివరికి బెనెడిక్ట్ తెర మీద చూసిన దోపిడీ ఆ నకలు గదిలో ముందుగా తీసిపెట్టుకున్నదని తేలుతుంది. అసలు గది నేల మీద అతడి కాసినో బెలాజియో చిహ్నం ఉంది, వీడియోలో లేదు. అక్కడ దొరికిపోయాడు బెనెడిక్ట్, అతడితో పాటు మనమూ దొరికిపోయాం, కాని మనకు కోపం రాలేదు. 2004లో వచ్చిన 'ఓషన్స్ ట్వెల్వ్'లో మాత్రం, జూలియా రాబర్ట్స్ వేసిన టెస్ అనే పాత్ర చేత జూలియా రాబర్ట్స్‌గానే నటింపజేసి ఎంతో హంగామా నడిపించిన తరువాత, దొంగిలించవలసిన విలువైన అలంకార గుడ్డును అంతకు ముందే రైలులో మార్చేశామని చెబుతారు. ఆ ఆనవాలు మనకు ముందుగా ఎక్కడా దొరకలేదు. దాన్ని ఇష్టపడేవాళ్లు ఉన్నారు, నాకు మాత్రం మండీలో తరుగు తీసినట్లనిపించింది. నీ పన్నెండో అధ్యాయం ఈ రెండో దారిలో వెళ్లింది. ఇనప్పెట్టె ముందు రోజే మారిందని చెప్పదలిస్తే, ఆ ముందు రోజు మమ్మల్ని ఆ గదిలోకి ఏదో ఒక పని మీద తీసుకువెళ్లు.

అంకె విషయం కూడా ఒకటి ఉంది. 2018లో గ్యారీ రాస్ తీసిన 'ఓషన్స్ ఎయిట్'లో సాండ్రా బుల్లక్ చేర్చేది తనతో కలిపి ఏడుగురినే. ఎనిమిదో మనిషి ఎవరి మెడలోని హారం దొంగిలించారో ఆ నటి పాత్రే, ఆన్ హాతవే వేసినది. పేరులోనే జవాబు పెట్టి ఎవరూ చూడకుండా చేశారు. నీ పదకొండు అనే అంకె ఏం పని చేస్తోంది? తొమ్మిది మంది చాలరా?

ముగింపులో నీ ముఠా దోచిన మూట స్వర్ణముఖి వరదలో కొట్టుకుపోయింది. 1960 నాటి మొదటి 'ఓషన్స్' నుంచి వచ్చిన ఊహ అనుకుంటాను. ఫ్రాంక్ సినాట్రా ముఠా తమ డబ్బును చనిపోయిన మిత్రుడి శవపేటికలో దాచింది, ఆ శవాన్ని దహనం చేసేశారు. నేరం ఫలించకూడదని నాటి హాలీవుడ్ నియమావళి. కాని కాలింది తాము ఎంచుకున్న దాపరికంలోనే కనుక అది దెబ్బలా తగులుతుంది. నీ వరద ఎవరూ పిలవకుండా వచ్చింది. పైగా తోతాపురి కోతల నాడు స్వర్ణముఖిలో ఇసుక తప్ప ఏముంటుంది నాయనా?

రాతప్రతిని పెన్సిలు గుర్తులతో తిరిగి పంపుతున్నాను. ఇరవై రెండో పేజీలోని కాటా మనిషిని మాత్రం తీసివేయవద్దు. యజమాని కనుసైగ చేయగానే కాలి బొటనవేలితో కాటా పలకను నొక్కి, రాత్రి ఇంటికి పోయి ఆ వేలినే చాలాసేపు కడుక్కుంటాడు. ముఠాలోకి అతణ్ణి చివర చేర్చావు. మొదట చేర్చి చూడు.