టెక్ సందేహాలు: 1500 రూపాయల్లో సీబీ రేడియోకి మొదటి యాంటెన్నా

"మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. రెండు మినీ లారీలు ఉన్నాయి. బంధువు ఒకాయన విదేశం నుంచి 40 ఛానెళ్ల సీబీ సెట్లు రెండు తెచ్చిచ్చాడు. ఒకటి ఇంటి దగ్గర, ఒకటి బండిలో పెడదామనుకుంటున్నాం. పెట్టెలో వచ్చిన చిన్న యాంటెన్నాతో వీధి చివరి దాకానే వినిపిస్తోంది. 1500 లోపు ఏది కొనమంటారు? ఫోన్‌లో మాట్లాడితే రికార్డు అవుతుంది, ఇందులో అయితే మన మాట మనకే ఉంటుంది కదా." – పలాస నుంచి ఒక పాఠకుడు

సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్, మామూలు జనం దగ్గరి దూరాల్లో మాట్లాడుకోవడానికి కేటాయించిన రేడియో. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య వరసగా వస్తున్నాయి. టెక్కలి వైపు నుంచి, బొబ్బిలి, చీపురుపల్లి నుంచి కూడా. సెట్టు మారుతుంది కానీ ఫిర్యాదు మారదు. సిగ్నల్ అందడం లేదు, ఇంకా పెద్ద యాంటెన్నా కొనాలా అని. ఆ కోరికను నేను తప్పుపట్టను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటాక ఉద్దానంలో కరెంటు లేక, ఫోన్లు పలకక జనం ఎంత అల్లాడారో చూసినవాళ్లకి, బ్యాటరీ మీద నడిచే రేడియో ఒకటి ఇంట్లో ఉండాలనిపించడం సహజం.

యాంటెన్నా గురించి చెబుతాను. కానీ ముందు ఆ ఉత్తరంలోని ఆఖరి వాక్యం సంగతి తేల్చాలి. నాకు భయం వేసింది దాన్ని చూసే.

సీబీలో మన మాట మనకే ఉండదు, వినదలచిన వాళ్లందరికీ ఉంటుంది. 27 మెగాహెర్ట్జ్ దగ్గర మామూలు ఏఎం పద్ధతిలో వెళ్లే మాటకు తాళం అనేదే లేదు. అదే ఛానెల్లో సెట్టు పెట్టుకున్నవాడు వింటాడు. కంప్యూటర్‌కి తగిలించే చిన్న రిసీవర్ ఉన్న కుర్రాడు వింటాడు, కావాలంటే రికార్డు కూడా చేసుకుంటాడు. ఎవరు విన్నారో మీకు తెలిసే దారి లేదు. ఫోన్ మాట కనీసం మీ చేతిలోంచి టవర్ దాకా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది. ఇక్కడ ఆ మాత్రం రక్షణ కూడా లేదు.

ఇది ఊహించుకుని భయపడే విషయం కాదు. మీ డ్రైవరు మైకు నొక్కి "పిక్కల బస్తాల డబ్బు అందింది, నరసన్నపేట దాటాను, ఒక్కడినే ఉన్నాను" అన్నాడనుకోండి. ఒక్క వాక్యంలో సొమ్ము ఉందని, బండి ఎక్కడుందని, తోడు ఎవరూ లేరని మూడూ చెప్పేశాడు. "ఇంట్లో అందరం అరసవల్లి వెళ్తున్నాం" అన్న మాటా అంతే. కాబట్టి డబ్బు, సరుకు విలువ, మనిషి ఒంటరిగా ఉన్న సంగతి, తాళం వేసిన ఇల్లు, ఆధార్, ఓటీపీ లాంటివి రేడియోలో పలకకూడదని బండి ఎక్కేవాళ్లందరికీ గట్టిగా చెప్పండి. అవి ఫోన్‌లోనే మాట్లాడుకోవాలి.

ఇక్కడ సెట్లు తయారుచేసేవాళ్ల మీద నాకు కోపం ఉంది. చాలా వాకీటాకీల మీద, కొన్ని సీబీ సెట్ల మీద కూడా 'ప్రైవసీ కోడ్' అని ఒక మెనూ ఉంటుంది. అది మీ మాటతో పాటు చెవికి తెలియనంత సన్నటి టోన్ ఒకటి కలిపి పంపుతుంది. అవతలి సెట్టు ఆ టోన్ ఉంటేనే స్పీకర్ తెరుస్తుంది. అంటే ఇతరుల గోల మీకు వినపడకుండా చేస్తుందే తప్ప, మీ మాట ఇతరులకు వినపడకుండా చేయదు. కోడ్ పెట్టని సెట్టున్న ఎవరైనా మిమ్మల్ని హాయిగా వింటారు. ఇంత విరుద్ధంగా పనిచేసే దానికి ప్రైవసీ అని పేరు పెట్టడం జనాన్ని మోసగించడమే. ఆ పేరు నమ్మి గుట్టుమాటలు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉంటాయి.

ఇక చట్టం. మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా, 5 వాట్ల లోపు సీబీకి లైసెన్స్ మినహాయింపు ఉంది. మీ 40 ఛానెళ్ల సెట్టు బహుశా అమెరికా పద్ధతిది. దాని మొదటి ఛానెల్ 26.965 దగ్గర, 40వది 27.405 దగ్గర ఉంటాయి. 27వ ఛానెల్ 27.275 కాబట్టి మన హద్దులోనే ఉంది. 28వది 27.285, అంటే హద్దు దాటేసింది. 28 నుంచి పైకి మైకు నొక్కవద్దు. ఎస్ఎస్‌బీ (మాటను ఇరుకు బ్యాండులో పంపే మరో పద్ధతి) ఉన్న సెట్టయితే అమెరికాలో 12 వాట్ల దాకా అనుమతిస్తారు, మన దగ్గర కుదరదు. పవర్ పెంచే యాంప్లిఫయర్ అని ఎవరైనా అంటగడితే అసలే తీసుకోవద్దు. లైసెన్స్ అక్కర్లేని బ్యాండే అయినా సెట్టుకు ఈటీఏ అనే ఆమోదం ఉండాలి. బంధువు తెచ్చిన సెట్టు మోడల్‌కి అది ఉందో లేదో, సెట్టుతో వచ్చిన యాంటెన్నా తీసి బయట వేరేది పెట్టుకోవచ్చో లేదో కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగానికి రాసి తెలుసుకోండి. ఆ జవాబు చేతికొచ్చాకే డాబా ఎక్కండి. అప్పటిదాకా సెట్టు వినడానికి మాత్రమే వాడండి.

ఇప్పుడు యాంటెన్నా. ఇంటి దగ్గరి సెట్టుకు ఏదీ కొనవద్దు, తయారు చేసుకోండి.

27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. అందులో సగం పొడవున్న డైపోల్, అంటే రెండు వైర్ ముక్కల యాంటెన్నా, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి దీన్ని మించింది లేదు. ఇంటి వైరింగుకి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. ఒక్కో ముక్క 2.75 మీటర్లు కత్తిరించండి. లెక్క ప్రకారం కావలసింది 2.64 చిల్లర, మిగతాది సరిచేసుకోవడానికి. పీవీసీ పైపు ముక్కకి రెండు రంధ్రాలు చేసి, వైర్లు రెండూ దానికి కట్టి, సెట్టు నుంచి వచ్చే కేబుల్ నడిమి తీగను పై ముక్కకి, చుట్టూ ఉన్న అల్లికను కింది ముక్కకి కలపండి. కలిపినచోటే కేబుల్‌ని జానెడు వెడల్పు చుట్లు ఆరేడు చుట్టి టేపు వేయండి. లేకపోతే కేబుల్ కూడా యాంటెన్నాలా ప్రవర్తించి, మీ ఇంటి టీవీలోనే గరగరలు పుట్టిస్తుంది.

వైరును నిలువుగా వేలాడదీయండి. అడ్డంగా కట్టవద్దు. బండి మీద యాంటెన్నా నిలువుగా ఉంటుంది కాబట్టి ఇంటిదీ నిలువుగానే ఉండాలి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం అయితే దగ్గర దూరాల్లో సిగ్నల్ దారుణంగా పడిపోతుంది. "కొత్త యాంటెన్నా పనికిరాలేదు" అని రాసేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. డాబా పిట్టగోడకి వెదురు గెడ ఒకటి కట్టి, దాని కొసన నైలాన్ తాడుతో వేలాడదీస్తే చాలు. కేబుల్‌ని మధ్యలోంచి పక్కకి లాగి, ఒక మీటరు దూరం పోయాక కిందికి దించండి.

కేబుల్ విషయంలో కక్కుర్తి పడాల్సిన పనీ లేదు, డాబుకి పోవాల్సిన పనీ లేదు. పది మీటర్ల దూరానికి ఆర్‌జీ-58 అనే సన్న కేబుల్ సరిపోతుంది. ఈ ఫ్రీక్వెన్సీలో ఆ పొడవుకి నష్టం 1 డెసిబెల్ కూడా ఉండదు. బొటనవేలంత లావు కేబుల్ అమ్మజూపితే మర్యాదగా వద్దనండి. డిష్ టీవీ తీసేశాక డాబా మీద వదిలేసిన నల్ల కేబుల్ ఉంటే అదీ పనికొస్తుంది. అది 75 ఓమ్‌లది, సెట్టు కోరేది 50. డైపోల్ సహజంగా 70కి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 (ఈ కొలత సంగతి కింద చెబుతాను) దగ్గర వస్తుంది, సెట్టు దాన్ని తట్టుకుంటుంది. ఆ కేబుల్‌లోని అల్యూమినియం అల్లికకి టంకం అంటదు. స్క్రూ పెట్టి బిగించాలి.

ఎస్‌డబ్ల్యూఆర్ అంటే మీరు పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత. 1.5 ఉంటే వెనక్కి వచ్చేది నూటికి 4 వంతులే. 3 అయితే నాలుగో వంతు వెనక్కి వచ్చి సెట్టులోని ట్రాన్సిస్టర్‌ని వేడెక్కిస్తుంది. మీటరు లేకుండా మైకు నొక్కవద్దని ఇందుకే అంటారు. మీటరు కొనాల్సిన పని లేదు. రాజాం, టెక్కలి, విజయనగరం ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈసీఈ చదివే పిల్లలు మీ వీధిలోనే ఉంటారు. చేతిలో పట్టే యాంటెన్నా ఎనలైజర్ ఎవరో ఒకరి దగ్గర దొరుకుతుంది. వాళ్లని పిలిచి కొలిపించండి. రెండు కొసలా ఒక్కో సెంటీమీటరు కత్తిరిస్తే యాంటెన్నా సుమారు 100 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. మనకున్న బ్యాండంతా కలిపితే 326 కిలోహెర్ట్జే. కాబట్టి బెత్తెడు బెత్తెడు కోసేయకుండా కొంచెం కొంచెంగా కోయండి. 13, 14 ఛానెళ్ల దగ్గర కొలత అన్నిటికన్నా తక్కువ వచ్చిందంటే ఆపేయండి.

ఒక హెచ్చరిక. ఎస్‌డబ్ల్యూఆర్ 1 వచ్చిందని యాంటెన్నా గొప్పదని అనుకోవద్దు. యాంటెన్నా బదులు 50 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించినా మీటరు 1 అనే చూపిస్తుంది. దాన్నుంచి వీధి అవతలికి కూడా మాట పోదు. కేబుల్లోకి నీళ్లు దిగినా కొలత బాగున్నట్టే కనిపిస్తుంది. మన తీరంలో ఉప్పుగాలికి రాగి ఏడాది తిరక్కుండానే పచ్చబడుతుంది. కలిపిన చోటల్లా సాగదీస్తే తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు వేయండి. మిగతా అన్నిచోట్లా పొదుపు చేయండి కానీ ఇక్కడ వద్దు.

మిగిలిన డబ్బు బండి యాంటెన్నాకి పెట్టండి. అయస్కాంతం అడుగు ఉన్నది, కనీసం ఒకటిన్నర మీటరు పొడవున్నది చూడండి. మూరెడు కూడా లేని ముద్దు యాంటెన్నాలు చూడ్డానికే. పైకప్పు ఇనుప రేకు అయితే నడిమధ్యలో నిలపండి, ఆ రేకే యాంటెన్నాకి రెండో సగంలా పనిచేస్తుంది. చెక్క క్యాబిన్ అయితే అయస్కాంతం నిలవదు, రేకు ముక్క బిగించి దాన్ని ఛాసిస్‌కి కలపాలి. ఇవన్నీ చక్కగా చేస్తే, చదునైన నేల మీద ఇంటికీ బండికీ మధ్య 10 నుంచి 15 కిలోమీటర్లు ఆశించవచ్చు. మందస కొండల వైపు అంత రాదు. ఇచ్ఛాపురం అందుతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఇంతకంటే ముఖ్యమైనది కరెంటు లైను. గెడ పొడవు, వైరు పొడవు కలిపి ఎంతో, కనీసం దానికి రెండింతల దూరంలో ఉండాలి ఏ కరెంటు తీగైనా. ఇళ్ల పక్క నుంచే 11 కేవీ లైన్లు వెళ్లే వీధులు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. తడిసిన వెదురు కూడా కరెంటును మోస్తుంది. అంత జాగా లేకపోతే డాబా మీద యాంటెన్నా ఆలోచనే మానుకోండి. ఒక్కరే ఎత్తవద్దు, గాలి ఉన్న రోజు ఎత్తవద్దు. ఉరుము వినపడకముందే, మబ్బు కమ్ముతుండగానే సెట్టు నుంచి కేబుల్ ఊడదీసి కొసను ఇంటి బయట పడేయండి. ఉరుములు మొదలయ్యాక దాన్ని ముట్టుకోవద్దు.

ఇన్ని చేసినా సెట్టులో బరబర తప్ప ఏమీ వినపడటం లేదని రాసేవాళ్లున్నారు. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్ ఒక్కొక్కటే ఆపి చూడండి. చాలాసార్లు ఏదో ఒకటి ఆపగానే నిశ్శబ్దం అయిపోతుంది. నాలుగు రూపాయల ఫిల్టర్ మిగుల్చుకోవడానికి వీధి వీధంతా రేడియో పనికిరాకుండా చేసే ఛార్జర్లు మార్కెట్లో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. రేడియో వినేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి ఎవరూ అడగడం లేదు. తుపాను రాత్రి ఆకాశవాణి విందామని మీడియం వేవ్ పెట్టినప్పుడు అప్పుడు తెలుస్తుంది ఆ నష్టం. అట్టపెట్టెల మీద '50 కిలోమీటర్ల రేంజి' అని అచ్చు వేసే వాకీటాకీలదీ ఇదే వరస. ఫ్రీక్వెన్సీ, అనుమతి వివరాలు చెప్పకుండా ఆన్‌లైన్‌లో వాటిని అమ్మడం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు తేవాల్సి వచ్చింది. కొనేముందు లైసెన్స్ అక్కర్లేని 446.0–446.2 మెగాహెర్ట్జ్ అని, ఈటీఏ నంబరు అని రెండూ కనపడకపోతే ఆ పేజీ మూసేయండి.

"వాకీటాకీ ప్రోగ్రామింగ్ కేబుల్ కొత్త విండోస్‌లో పనిచేయడం లేదు. యాంటీవైరస్ ఆపి పాత డ్రైవర్ వేసుకోమని వీడియోలో చెప్పారు. వేయొచ్చా?" – విజయనగరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

వద్దు. కేబుల్లో ఉన్నది బహుశా నకిలీ చిప్పో, పాత చిప్పో అయి ఉంటుంది, అందుకే కొత్త డ్రైవర్ దాన్ని ఒప్పుకోవడం లేదు. ఎవరో ఫైల్ షేరింగ్ సైట్‌లో పెట్టిన డ్రైవర్ కోసం యాంటీవైరస్ ఆపడమంటే, నెట్ బ్యాంకింగ్ చేసే కంప్యూటర్‌ని ముక్కూ మొహం తెలియనివాడికి అప్పగించడమే. అసలు చిప్ ఉన్న కేబుల్ కొనుక్కోండి.

"భావనపాడు దగ్గర మా బోటులో సీబీ పెట్టుకుంటే ఒడ్డుకి వినిపిస్తుందా?" – ఒక మత్స్యకార పాఠకుడు

దాన్ని నమ్ముకుని వేటకి వెళ్లవద్దు. సముద్రం మీద ఆపద పిలుపు వినేది మెరైన్ వీహెచ్ఎఫ్ 16వ ఛానెల్, 156.8 మెగాహెర్ట్జ్. సీబీ సెట్టు గానీ, దాని యాంటెన్నా గానీ అక్కడ పనికిరావు. బోటుకి కావలసింది మెరైన్ సెట్టు, దానికి తగిన యాంటెన్నా. ఫోన్ సిగ్నల్ ఉన్నంత దూరంలో కోస్ట్‌గార్డ్ నంబరు 1554. బోటులో ఉన్న ప్రతి ఫోన్‌లోనూ దాన్ని ఈరోజే ఎక్కించండి.