1050 టీఐ కొనాలా, ఆర్ఎక్స్ 570 కొనాలా? ముందు క్యాబినెట్ మూత విప్పి చూడు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది. ఆఫీసులో తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్ 7020 టవర్ ఒకటి నీకు దొరికింది. అందులో ఐ5 4590 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో రెండు గ్రాఫిక్స్ కార్డులు చూశావు: ఎన్విడియా జీటీఎక్స్ 1050 టీఐ 4,500కి, ఏఎండీ ఆర్ఎక్స్ 570 4 జీబీది 4,800కి ఇస్తామంటున్నారు. 1080పి మానిటర్ మీద జీటీఏ 5, వాలరెంట్, కుదిరితే రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఆడాలి. మూడొందల తేడాకి ఏది తీసుకోవాలి అని.

ఈ రెండు కార్డులూ నేను వాడాను. 1050 టీఐ మూడేళ్లు, ఆ తర్వాత 570 రెండేళ్లు. ఆటల్లో ఏది గట్టిది అంటే రెండో మాట లేదు, 570. అయినా నీ డబ్బాలోకి మాత్రం 1050 టీఐ తీసుకోమనే చెప్తాను.

ముందు బలం సంగతి. 1050 టీఐ 2016 అక్టోబర్‌లో వచ్చింది, 570 2017 ఏప్రిల్‌లో. ఒకదానిలో 768 కోర్లు, ఇంకోదానిలో 2048 అని రాసి ఉంటుంది. అది చూసి రెండున్నర రెట్లు అనుకోకు, ఎన్విడియా కోరు, ఏఎండీ కోరు ఒకే కొలత కాదు. మెమొరీ మాత్రం నిజంగానే రెట్టింపు వేగం: 1050 టీఐ 128 బిట్ల బస్సు (మెమొరీకి, చిప్పుకీ మధ్య దారి) మీద సెకనుకు 112 జీబీ లాగితే, 570 256 బిట్ల మీద 224 జీబీ లాగుతుంది. టెక్స్చర్లు పెంచినప్పుడు ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

నాది కూడా నీలాంటి నాలుగో తరం ఐ5యే. జీటీఏ 5లో 1050 టీఐతో హై సెట్టింగుల్లో సెకనుకు 60 ఫ్రేములకు అటూ ఇటూ వచ్చేది. 570 పెట్టాక 80 దాటింది, కానీ సిటీ మధ్యలో జోరుగా కారు తోలితే మళ్లీ కిందికి దిగేది. అక్కడ అడ్డం కార్డు కాదు, నాలుగు కోర్ల ప్రాసెసర్. వాలరెంట్‌లో అయితే రెండింటికీ తేడా నాకు తెలియనే లేదు. ఆ గేమ్ ప్రాసెసర్ మీద బతుకుతుంది.

అసలు తేడా రెడ్ డెడ్ 2లో. కంపెనీ వాళ్లు రికమెండెడ్‌గా చెప్పింది జీటీఎక్స్ 1060 6 జీబీ లేదా ఆర్ఎక్స్ 480. 570 ఆ 480కి కాస్త తక్కువ, అంతే. అడవిలో గుర్రం మీద పోతున్నంతసేపు 1050 టీఐ కూడా లో, మీడియం సెట్టింగులు కలిపి పెడితే 35-40 ఇచ్చేది. సెయింట్ డెనిస్ ఊళ్లో అడుగుపెట్టగానే 30 కిందికి పడిపోయేది. 570తో అదే వీధిలో 45 దగ్గర నిలబడింది. ఆ రోజు రాత్రి రెండింటి దాకా కూర్చుని ఆడాను, ఇంట్లో తిట్లు వేరే సంగతి.

మరి ఇంత బాగుంటే 1050 టీఐ ఎందుకు అంటావా? కరెంటు వల్ల. బిల్లు గురించి కాదు. రోజుకు నాలుగు గంటలు ఆడినా రెండు కార్డుల మధ్య ఉన్న 75 వాట్ల తేడా నెలకు 9 యూనిట్లు, దానికి భయపడక్కర్లేదు. నేను చెప్పేది నీ ఎస్ఎంపీఎస్, అంటే సిస్టమ్‌కు కరెంటు పంచే పవర్ సప్లై డబ్బా సంగతి.

మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు వచ్చే కరెంటు గరిష్ఠంగా 75 వాట్లు. 1050 టీఐ మొత్తం అవసరం అంతే, కాబట్టి చాలా మోడళ్లకు విడిగా పవర్ వైరే ఉండదు. స్లాట్‌లో గుచ్చి స్క్రూ బిగిస్తే పని అయిపోతుంది. 570కి 150 వాట్లు కావాలి, అందుకే దాని నెత్తిన 8 పిన్నుల సాకెట్ ఉంటుంది. నీ టవర్‌లో ఉండేది 290 వాట్ల ఎస్ఎంపీఎస్. దానికి గ్రాఫిక్స్ కార్డు వైరు ఉండదు. పోనీ ఎస్ఎంపీఎస్ మార్చేద్దామంటే, ఆ బోర్డు పవర్ సాకెట్ మామూలు 24 పిన్నులది కాదు, డెల్ సొంత 8 పిన్నులది. బయట కొన్నది నేరుగా ఎక్కదు, మధ్యలో కన్వర్టర్ వైరు పెట్టాలి. మంచి 450 వాట్ల ఎస్ఎంపీఎస్, కన్వర్టర్ కలిపితే ఆ మూడొందల తేడా కాస్తా వేలల్లోకి పోతుంది.

ఇక్కడే నేను తప్పు చేశాను. నాదీ ఇలాంటి ఆఫీసు టవరే. 570 కొన్న చోట కుర్రాడు 'ఏం కాదన్నా, ఇది పెట్టుకో' అని హార్డ్ డిస్క్ పవర్ వైరు నుంచి 8 పిన్నులకు మార్చే కన్వర్టర్ ఒకటి చేతిలో పెట్టాడు. వంద రూపాయలు. హార్డ్ డిస్క్‌కి ఇచ్చే సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లు మాత్రమే అని అప్పుడు నాకు తెలియదు. మొదటి వారం బాగానే నడిచింది. తర్వాత గేమ్ మధ్యలో సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. విండోస్ తప్పనుకుని ఫార్మాట్ చేశాను, డ్రైవర్లు మార్చాను. ఒక సాయంత్రం ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. మూత తీసి చూస్తే సాటా కనెక్టర్ కరిగి వైరుకు అతుక్కుపోయి ఉంది. కార్డు బతికింది, నా అదృష్టం. తర్వాత కొత్త క్యాబినెట్, కొత్త ఎస్ఎంపీఎస్ కొని అందులోకి మార్చాకే 570 ప్రశాంతంగా నడిచింది. నీకు ఎవరైనా అలాంటి కన్వర్టర్ ఇస్తే దండం పెట్టి వెనక్కి ఇచ్చేయ్.

సెకండ్ హ్యాండ్ కాబట్టి ఇంకో రెండు మాటలు. 570ల్లో చాలా వాటిని క్రిప్టో కరెన్సీ మైనింగ్‌లో రాత్రీ పగలూ నడిపారు. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక అవన్నీ మార్కెట్లో పడ్డాయి. మైనింగ్ చేసిందంటే పనికిరానిదని కాదు, నా 570 కూడా అదే బాపతు. అయితే బయోస్ (కార్డును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చేసి ఉంటారు, ఫ్యాన్ అరిగి ఉంటుంది. నా దాంట్లో స్క్రీన్ అప్పుడప్పుడు నల్లబడేది, అసలు బయోస్ మళ్లీ ఎక్కించాక తగ్గింది. ఆర్ఎక్స్ 580 2048ఎస్‌పీ అని ఎవరైనా చూపిస్తే అది పేరుకే 580, లోపల 570యే. అసలు 580లో 2304 కోర్లు ఉంటాయి.

1050 టీఐలో మోసం వేరే రకం. చాలా పాత ఎన్విడియా కార్డుల బయోస్ మార్చి 1050 టీఐ అని కనిపించేలా చేసి అమ్ముతుంటారు. వెనక వీజీఏ పోర్టు ఉంటే అనుమానించు, ఈ తరం చిప్పులకు అనలాగ్ అవుట్‌పుటే లేదు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి అక్కడే తెరిచి చూడు. దొంగ కార్డయితే చాలావరకు పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. 768 కోర్లు, 128 బిట్ల బస్సు కనబడాలి. పావుగంట ఏదైనా గేమ్ ఆడించి చూపించమను, ఒప్పుకోకపోతే ఇంకో చోటు చూసుకో.

రెండూ ముసలి కార్డులే, అది ముందే ఒప్పుకోవాలి. 1050 టీఐ తరానికి ఎన్విడియా గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగాయి, సెక్యూరిటీ అప్‌డేట్లు 2028 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు. 570 తరాన్ని ఏఎండీ 2023లోనే ప్రధాన డ్రైవర్ల వరస నుంచి పక్కన పెట్టేసింది. డూమ్ ది డార్క్ ఏజెస్ లాంటి కొత్త గేములు హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ (వెలుగు నీడలను లెక్కగట్టే పద్ధతి, ఈ రెండు కార్డుల్లోనూ లేదు) లేనిదే తెరుచుకోవు, వాటి మీద ఆశ పెట్టుకోకు. నువ్వు చెప్పిన మూడింటికీ ఆ టెన్షన్ లేదు. ఒక్కటి, వాలరెంట్ కోసం ఎవరో చెప్పారని ఆ సిస్టమ్‌లో అడ్డదారిన విండోస్ 11 వేయకు. 11 మీద ఆ గేమ్ యాంటీ చీట్ (మోసం చేసి ఆడేవాళ్లను పట్టే సాఫ్ట్‌వేర్) టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పును అడుగుతుంది, అది నీ పాత బోర్డుతో తెగే పని కాదు.

మిగిలిన మూడొందలకు ఇంకొంత కలిపి ర్యామ్ పెంచు. రెడ్ డెడ్ 2కి 12 జీబీ రికమెండెడ్, నీ దగ్గర 8 ఉంది. అది ఒకే స్టిక్కయితే పక్క స్లాట్‌లో ఇంకో 8 జీబీ డీడీఆర్3 వేస్తే జీటీఏలో ఆగి ఆగి రావడం కూడా తగ్గుతుంది.

ఇంకో మాట. నీ ఎస్ఎంపీఎస్‌ని ఇంతకుముందే ఎవరైనా మార్చి ఉంటే నేను చెప్పిందంతా తిరగబడుతుంది, అప్పుడు కళ్లు మూసుకుని 570 తీసుకో. పక్క మూత విప్పి, ఎస్ఎంపీఎస్ మీద స్టిక్కర్, దాన్నుంచి వచ్చే వైర్లు కనబడేలా ఫోటో పెట్టు. చూసి చెప్తాను.