నాన్న గుండె జబ్బుకి ఎంత డబ్బు పక్కన పెట్టాలి?

ప్రశ్న: మా నాన్నకి 71 ఏళ్లు, తణుకులో అమ్మతో ఉంటారు. హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయట్లేదన్నారు. ఏడాదిలో రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చాం, మూడు లక్షలు దాటింది. మందులకి నెలకి నాలుగు వేలు. ఆయన పేరు మీద 10 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇప్పుడు ఆరోగ్య బీమా పాలసీ తీసుకోవచ్చా? హైదరాబాద్‌లో నా ఉద్యోగం మానేసి వెళ్లిపోనా? తమ్ముడు విజయవాడలో ఉంటాడు. రెండోసారి చేర్చడానికి కారణం, పెళ్లికి వెళ్తూ దారిలో ఇబ్బందని నీళ్ల మాత్ర (ఒంట్లో నీరు మూత్రంగా పోవడానికి ఇచ్చేది) మానేశారు, మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి ఏవో మాత్రలు వేసుకున్నారు.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ఖరీదైన వాక్యం చివర్లో ఉందండీ. అందుకే పాలసీ కంటే ముందు ఇంటి సంగతి మాట్లాడతాను. డాక్టర్ని కాను, కానీ ఈ జబ్బున్న ఇళ్ల లెక్కలు చూస్తుంటాను కాబట్టి చెప్తున్నా, నెలనెలా మందుల ఖర్చు ఎలాగో సర్దుకుంటారు, నడ్డి విరిచేది మళ్లీ మళ్లీ ఆస్పత్రిలో చేరడమే.

వెయ్యి రూపాయలు పెట్టి బరువు చూసే మెషిన్ కొనండి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు నాన్న దాని మీద నిలబడాలి, అమ్మ ఆ అంకెని గోడ క్యాలెండర్లో, పాల లెక్క రాసుకునే గడిలోనే రాయాలి. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మీకూ తమ్ముడికీ తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఆయాసం వచ్చేదాకా ఆగితే ఆ ఫోన్ ఖర్చు కాస్తా ఐసీయూ బిల్లవుతుంది. నొప్పి మాత్రలు డాక్టర్‌ని అడగకుండా వద్దు, చాలావాటికి ఒంట్లో నీరు నిలిచిపోతుంది. ఆవకాయ, అప్పడం, వడియం నాన్నకొక్కరికే మానిపించి మిగతావాళ్లు ఆయన ఎదురుగా తింటే నాలుగు రోజులు కూడా నిలవదు, ఇంటిల్లిపాదీ ఉప్పు తగ్గించాల్సిందే. సోడియం తక్కువని అమ్మే ఉప్పు మాత్రం సొంతంగా కొనకండి, అందులో పొటాషియం ఉంటుంది, గుండె మందులు కొన్నిటితో కలిస్తే ప్రమాదం.

ఇంకోటి, మాత్రల స్ట్రిప్పులు ఒకసారి లెక్కపెట్టి చూడండి. పిల్లలకి ఖర్చు తగ్గిద్దామని రోజు విడిచి రోజు వేసుకునే తండ్రులు మన ఇళ్లలో బోలెడుమంది, అడిగితే ఒప్పుకోరు. ఈ జబ్బుకి వాడే డపాగ్లిఫ్లోజిన్ లాంటి మందుల్ని ఇప్పుడు చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధరల్లో తేడా బాగా ఉంటుంది. అదే మందు తక్కువ ధరలో రాయమని డాక్టర్‌ని మొహమాటపడకుండా అడగండి, జన ఔషధి షాపులో ఏవి దొరుకుతాయో కూడా చూడండి.

ఇక పాలసీ. నాన్నకి కొత్తది తీసుకోవడం నాకు దండగనిపిస్తుంది. ఇచ్చే కంపెనీలే తక్కువ, ఇచ్చినా ముందు నుంచి ఉన్న జబ్బుకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బు ఖర్చు ఇవ్వరు. జబ్బు దాచి తీసుకుందామని ఏజెంటు అంటే అతన్ని మళ్లీ గడప తొక్కనివ్వకండి. నాన్నకి 70 దాటాయి కాబట్టి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. ఆధార్ చాలు, ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి వైద్యం ఉచితం, పాత జబ్బుకి కూడా మొదటిరోజు నుంచే వర్తిస్తుంది. ఆస్పత్రి ఆ పథకంలో ఉండాలి, నెలవారీ మందులు ఇందులో రావు. కార్డు రాగానే మీరు వెళ్లే ఆస్పత్రి అందులో ఉందో లేదో తమ్ముణ్ని కనుక్కోమనండి, అర్ధరాత్రి అంబులెన్సులో కూర్చుని వెతుక్కోకుండా.

ఉద్యోగం మానొద్దు. మీ ఆఫీసు గ్రూప్ పాలసీలో తల్లిదండ్రుల్ని చేర్చుకోనిస్తారేమో హెచ్‌ఆర్‌ని అడగండి, ఇలాంటివాటిలో చాలావరకు పాత జబ్బులకీ మొదటినుంచే కవర్ ఉంటుంది. మీ జీతం వదులుకోవడం కంటే అమ్మకి వంటలో సాయానికి ఒక మనిషిని పెట్టడం ఎంతో చవక. పాలసీ కొనాల్సింది అసలు అమ్మకి. ఆవిడ మంచాన పడితే పైన చెప్పినవేవీ జరగవు. బీపీ, షుగర్ ఏమున్నా ఫారంలో దాచకుండా రాయించండి.

ఎఫ్‌డీని రెండు ముక్కలు చేయండి. 4 లక్షలు ఆస్పత్రి అవసరానికి ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా, చిన్న చిన్న ఎఫ్‌డీలుగా. 6 లక్షలు ప్రభుత్వం నడిపే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో, ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకి 12,300 వస్తుంది, అంటే మందుల డబ్బు దాదాపు అక్కడే తేలిపోతుంది. గడువుకి ముందే తీస్తే కొంత కోత పడుతుంది, అందుకే మొత్తం అందులో పెట్టమనట్లేదు. మందుల బిల్లులు నగదుగా కాకుండా యూపీఐలో మీరే కట్టండి. మీరు పాత పన్ను విధానంలో ఉండి నాన్నకి ఏ పాలసీ లేకపోతే పన్ను లెక్కేసే మీ ఆదాయంలో ఈ ఖర్చు కింద ఏడాదికి 50,000 దాకా తగ్గింపు వస్తుంది.

డబ్బంతా నాన్న ఒక్కరి పేరు మీద ఉండటం మాత్రం ఈ నెలలోనే మార్చండి. ఆయన ఐసీయూలో ఉంటే సంతకం పెట్టేదెవరు? అమ్మ పేరు కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా రాయించండి. బ్యాంకుకి ఇద్దరూ ఆధార్, పాన్ పట్టుకుని వెళ్లాలి, నాన్న కాస్త ఓపికగా ఉన్న రోజు చూసుకోండి.