గ్రంథాలయ పీరియడ్‌లో జట్టు చదువు

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. గ్రంథాలయ పీరియడ్‌లో తొమ్మిదో తరగతి పిల్లలను జట్లుగా చదివిస్తే, బాగా చదివేవారే పనంతా చేసేస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: జట్టును నలుగురికి మించనివ్వకండి. అందరికీ ఒకే కథ ఇచ్చి, ఒకరు బిగ్గరగా చదవడం, ఒకరు తెలియని మాటలను నిఘంటువులో వెతకడం, ఒకరు ప్రశ్నలు రాయడం, మరొకరు కథను తరగతికి చెప్పడం అన్న పనులను వారం వారం మార్చండి. తడబడుతూ చదివే పిల్లవాడికి ఆ పేజీని ముందురోజే ఇచ్చి పంపితే, మర్నాడు వేలితో వరుస పట్టుకునైనా ధైర్యంగా చదువుతాడు. నా దృష్టిలో మార్కులకన్నా ఇదే ముఖ్యం. పుస్తకాలు ఉపయోగించడానికేనని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో తన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిదిగా చెప్పారు కనుక, చిరుగుతాయన్న భయంతో బీరువాకు తాళం వేయకండి. అట్టలు వేయడం, రిజిస్టరు రాయడం కూడా పిల్లల జట్లకే అప్పగించండి.