బాబు కోసం ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా వారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా, జీతం 14 వేలు. నేను రోజూ విజయవాడ వెళ్లి ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, 24 వేలు వస్తాయి. కంపెనీ గ్రూప్ పాలసీలో కుటుంబానికి 3 లక్షల కవర్ ఉంది. పన్నెండేళ్ల మా బాబుకు క్రోన్స్ వ్యాధి (పేగులు వాచి, పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) అని తేలింది. 33 కిలోలుండేవాడు 26కి వచ్చాడు. ఎనిమిది వారాలు అన్నం ఆపి, పౌడర్ కలిపిన ద్రవాహారమే ఇవ్వాలన్నారు. తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్ అవసరం కావచ్చన్నారు. వాడి దగ్గర ఉండటానికి ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. పాప ఇంటర్ ఫీజుకని దాచిన లక్షా 80 వేల ఎఫ్‌డీ ఉంది. మా మరిది రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు ఇప్పిస్తానంటున్నాడు. ఒక ఏజెంటు జబ్బు సంగతి రాయకుండా 10 లక్షల పాలసీ చేయిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, రాజీనామా మాత్రం ఇవ్వకండి. ఇంటికి వచ్చే 38 వేలలో 24 వేలు మీవన్న ఒక్క కారణంతోనే ఈ మాట అనడం లేదు. ఇప్పుడు మీ బాబుకు ఉన్న అతి పెద్ద ఆస్తి మీ కంపెనీ గ్రూప్ పాలసీ. బయట కొత్తగా పాలసీ తీసుకుంటే, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని గడువు) పెట్టవచ్చు. క్రోన్స్ విషయంలో అంతకన్నా కష్టం ఉంది. శాశ్వతంగా మినహాయించే వీలున్న జబ్బులంటూ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన జాబితాలో పేగువాపు వ్యాధులు ఉన్నాయి, క్రోన్స్ వాటిలో ఒకటి. అంటే ఎన్నేళ్లు ప్రీమియం కట్టినా ఆ జబ్బుకు పైసా రాని పాలసీ మీ చేతిలో పెట్టవచ్చు. చాలా గ్రూప్ పాలసీలు మాత్రం పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. మీదీ అలాంటిదేనా అని హెచ్‌ఆర్‌ను అడిగి, పాలసీ కాపీ తీసుకుని, చదివి నిర్ధారించుకోండి.

ఆ కాపీలో మరో రెండు సంగతులు వెతకండి. మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లకు విడిగా పరిమితి ఏదైనా పెట్టారా? ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఆ కోవలోదే. ఈ చికిత్సను పూర్తిగా తీసేయకూడదని నిబంధన ఉన్నా, ఇంతకు మించి చెల్లించబోమని పరిమితి పెట్టుకునే వీలు బీమా కంపెనీలకు ఉంది. రెండోది, రెన్యువల్ అప్పుడు ఉద్యోగులు సొంత డబ్బుతో కవర్ పెంచుకోనిస్తారా అన్నది. ఇస్తే పెంచుకోండి. మీరు పెట్టే ఖర్చుల్లో అంత విలువైనది మరొకటి ఉండదు.

ఇక మీకు కావలసిన సెలవులు లెక్కేద్దాం. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను సాధారణంగా మొదటి రోజు, 2వ వారం, 6వ వారం, ఆ తర్వాత ఎనిమిది వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. మొదటి ఏడాదిలో 8 సార్లు. పొద్దున్న వెళితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. పరీక్షలకు, చెకప్‌లకు మరికొన్ని రోజులు కలుపుకున్నా, ఉద్యోగం వదులుకునేంత అవసరం అందులో కనిపించదు. ద్రవాహారం మీద ఉన్న పిల్లలు ఒంట్లో ఓపిక వచ్చాక సీసా పట్టుకుని బడికి కూడా వెళ్తుంటారు. మొదటి రెండు మూడు వారాలు కష్టం. అప్పటికి మీ అమ్మగారినో అత్తగారినో పిలిపించుకోండి. వేసవిలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు మీ వారు ఇంట్లో ఉండగలరు.

ద్రవాహారం ఖర్చు చూసి మీరు వెనకాడవచ్చు. ఇక్కడ వెనకాడొద్దు. పిల్లల్లో క్రోన్స్‌ను అదుపులోకి తేవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పూర్తిగా ద్రవాహారమే ఇవ్వడం ప్రపంచమంతటా పాటించే మొదటి దశ చికిత్స. అది పేగు వాపు తగ్గిస్తుంది, బరువూ పెంచుతుంది. స్టెరాయిడ్ బిళ్లలు దీనికన్నా చాలా చౌక, నిజమే. కానీ వాటితో మొహం నిండుగా కనబడటం కండ పట్టడం కాదు, ఎక్కువ కాలం వాడితే ఎదుగుదల కూడా కుంటుపడుతుంది. మీ బాబుకు పన్నెండేళ్లు. ఎత్తు సాగే వయసు ఇదే. ఇప్పుడు పోయిన ఎత్తును తర్వాత ఎంత డబ్బు పోసినా కొనలేం.

లెక్క ఇలా వేసుకోండి. 400 గ్రాముల డబ్బాలో సుమారు 1,700 నుంచి 1,800 క్యాలరీలు ఉంటాయి. బాబుకు దాదాపు రోజుకో డబ్బా పడుతుంది, కచ్చితమైన కొలత డైటీషియన్ చెబుతారు. డబ్బా 700 అనుకుంటే 56 రోజులకు 39,200. మీ ఇంటి నెల ఆదాయం మొత్తం ఇందులోకే పోతుంది, పాలసీ నుంచి ఇది వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అయినా పెట్టాల్సిందే. అంగట్లో దొరికే చాక్లెట్ రుచి మాల్ట్ పొడులు దీనికి బదులు కావు. బాగా చిక్కిన పిల్లలకు ఒక్కసారిగా పోషణ పెంచితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి మొదటి రోజుల రక్తపరీక్షలు ఖర్చని మానేయకండి.

ఆ డబ్బు ఎఫ్‌డీ నుంచి తీయండి. పాప ఫీజు గుర్తొచ్చి మనసు ఒప్పుకోకపోతే, ఎఫ్‌డీని అలాగే ఉంచి దాని మీద బ్యాంకులోనే అప్పు తీసుకోవచ్చు. వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువ. మరిదిగారు చెప్పిన రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 2 లక్షలకు నెలకు 4 వేలు వడ్డీకే పోతాయి. ఆ డబ్బుతో ఐదారు డబ్బాలు వస్తాయి.

ఇంజెక్షన్ల విషయంలో తల్లిదండ్రులు ముందుగా ఊహించని ఖర్చు ఒకటుంది. సాధారణ మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, వయల్ (మందు సీసా) 100 మిల్లీగ్రాములది. 26 కిలోలకు 130, అంటే రెండు వయల్స్. 40 కిలోలు దాటితే మూడోది తెరవాలి. బాబు కోలుకుంటున్న కొద్దీ ఖర్చు పెరుగుతుందన్నమాట. మీరు కోరుకునే ఖర్చే అయినా దానికోసం ఇప్పటి నుంచే నెలకు ఎంతో కొంత ఆర్‌డీ కట్టండి. బయోసిమిలర్ (అదే మందుకు సాటిగా వేరే కంపెనీ చేసేది) ధర ఎంతో ఆసుపత్రి ఫార్మసీలోనూ బయటా అడగండి. మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. ఇంజెక్షన్ రోజుకు వారం ముందే డాక్టరు లేఖ జతచేసి డే కేర్ (అదే రోజు ఇంటికి పంపే చికిత్స) కింద బీమా కంపెనీ నుంచి ముందస్తు అనుమతి తెచ్చుకోండి.

ఏజెంటు మాట వినకండి. జబ్బు దాచి తీసుకున్న పాలసీలో క్లెయిమ్ తిరస్కరిస్తారు, పాలసీయే రద్దు కావచ్చు. నిజం రాసి, క్రోన్స్‌కు మినహాయింపు పెట్టినా సరే, చిన్న ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే కవర్ ఉండే పాలసీ) ఒకటి తీసుకోండి. డెంగీకో, చెయ్యి విరిగితేనో అది పనికొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు కూడా. పన్ను మినహాయింపుల గురించి ఆలోచించకండి, కొత్త ఆదాయపు పన్ను విధానంలో మీ జీతాలకు పన్నే పడదు.

మీ ఏడాది ఆదాయం 4,56,000. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవకు అర్హత ఉందేమో సచివాలయంలో అడగండి. ఉంటే, బాబు చికిత్సలో ఏది దాని కిందికి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు. సొంతంగా కట్టిన పెద్ద బిల్లులకు ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టవచ్చు. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ పారేయకండి.

వారానికోసారి ఒకే కాటా మీద బరువు, నెలకోసారి ఎత్తు రాసి ఆ బిల్లుల ఫైల్లోనే పెట్టండి. డాక్టరుకూ అవసరం, క్లెయిమ్‌లో మందు ఎందుకని అడిగినప్పుడూ అవసరం. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలోపు తేల్చకపోయినా, చెప్పిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) రాయండి. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.