‘ఇంగ్లీషువాళ్ళు’ అనే ముందు

బ్రిటన్‌కు కొత్తగా వస్తున్న మనవారు నన్ను వీసా గురించి, అద్దె ఇళ్ళ గురించి అడుగుతారు గానీ, వచ్చిన వారంలోనే నోరు జారే ఒక మాట గురించి ఎవరూ అడగరు. ఆ మాట ‘ఇంగ్లీషు’. మన ఊళ్ళలో అల్లోపతి మాత్ర ఇంగ్లీషు మందు, జనవరి ఇంగ్లీషు నెల, తెల్లగా కనబడిన ప్రతి మనిషీ ఇంగ్లీషు దొర. ఆ అలవాటుతోనే నేను స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పై అధికారితో ‘మీ ఇంగ్లీషువాళ్ళ టీ’ అన్నాను. ఆయన నవ్వుతూనే తాను స్కాటిష్ అని సరిదిద్దారు గానీ, ఆ నవ్వు నాకు నేటికీ గుర్తుంది.

ఇంగ్లండువారు మాత్రమే ఇంగ్లీషువారు. స్కాట్లండ్‌కు చెందిన స్కాట్‌లూ, వేల్స్‌కు చెందిన వెల్ష్‌వారూ ఇంగ్లీషువారు కారు. 1707లో ఇంగ్లండు, స్కాట్లండ్ ఒకే రాజ్యంగా కలిసినా, స్కాట్లండ్ తన న్యాయవ్యవస్థను తానే ఉంచుకుంది. అందువల్ల ‘ఇంగ్లీషు చట్టం’ అంటే ఇంగ్లండుకూ వేల్స్‌కూ వర్తించేదే తప్ప బ్రిటన్ మొత్తానికి కాదు. ఇది మాటల పట్టింపు మాత్రమే అనుకోకండి. లండన్‌లో ఇల్లు కొన్న మిత్రుడి సలహాను నమ్ముకుని స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో బేరానికి దిగితే చిక్కుల్లో పడతారు. ఇక్కడ చాలా ఇళ్ళకు తనిఖీ నివేదికను అమ్మేవారే ముందుగా సిద్ధం చేయించాలి, కొనుగోలు పన్ను కూడా 2015 నుంచి వేరే. డాక్టరు రాసిచ్చిన మందులకు ఇంగ్లండులో చాలామంది రుసుము కట్టాలి, స్కాట్లండ్‌లో 2011 నుంచి అది లేదు.

పౌరసత్వం వచ్చాక మనం బ్రిటిష్ పౌరులమవుతాము. ఇంగ్లీషు పాస్‌పోర్టు అనేది అసలు లేనే లేదు. పౌరసత్వానికి కావలసిన భాషా పరిజ్ఞానం విషయంలో కూడా 1981 నాటి చట్టం ఇంగ్లీషుతో పాటు వెల్ష్‌నూ, స్కాటిష్ గేలిక్‌నూ అంగీకరిస్తుంది. (ఆ రెండింటితో గట్టెక్కిన తెలుగువారిని మాత్రం నేనింకా చూడలేదు.) మనకు ప్రాణమైన క్రికెట్టేమో మరో తికమక: జట్టు పేరు ఇంగ్లండు, దానిని నడిపే బోర్డు ఇంగ్లండు, వేల్స్ రెండింటిదీ.

ఎదుటివారు ఎక్కడివారో తెలియనప్పుడు ‘బ్రిటిష్’ అనడం కొంత మేలే గానీ, ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఆ మాట కూడా తొందరపడి వాడకండి. అక్కడ కొందరు తాము బ్రిటిష్ అంటారు, కొందరు ఐరిష్ అంటారు, కొందరు రెండూ అంటారు. వారంతట వారు చెప్పేదాకా ఆగండి.