‘లియోమయోమా’ అని రాసే ముందు: అమ్మలుకు అత్త ఉత్తరం

అమ్మలూ,

ఖమ్మంలో సొంతంగా బయాప్సీ ల్యాబు పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. తమ్ముడి గొంతులో సంతోషం దాగలేదు. నాకూ అంతే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాలేజీలో అయితే అనుమానం రాగానే స్లైడు పట్టుకుని పక్క గదిలోకి వెళ్తావు, ప్రొఫెసర్ చూస్తారు. అక్కడ పక్క గది లేదు. సంతకం నీది, సర్జన్ ఫోన్ నీకు, మధ్యలో ఎవరూ లేరు.

మెషిన్లు బిగించి వారమైనా కాలేదు, అప్పుడే మొదటి కేసు. తొడ లోపల గడ్డ, కోర్ బయాప్సీ, అంటే లావు సూదితో తీసిన సన్నటి ముక్కలు. ఫోటో పెట్టి అడిగావు: ‘నునుపు కండరమే అత్తా, మైటోసిస్ ఒక్కటీ లేదు, లియోమయోమా అని రాసెయ్యనా?’ రాయకు. ఆ మాట రాస్తే నునుపు కండరంలో (రక్తనాళాల గోడల్లో, గర్భాశయంలో ఉండే కండరం) పుట్టిన మామూలు గడ్డ, క్యాన్సర్ కాదు అని తేల్చేసినట్టే. మైటోసిస్, అదే రెండుగా విడిపోతున్న కణం, కనబడలేదన్నది దానికి చాలదు. ఇంకా నయం, అడిగావు.

ల్యాబు సంగతులు నీకు తెలిసినవే, ఎక్కువ చెప్పను. ఫార్మలిన్ 10 శాతం న్యూట్రల్ బఫర్డే వాడు, ముక్కకు కనీసం పది రెట్లు పొయ్యి. పెద్ద గడ్డ వస్తే అంచులు తెలిసేలా ఇంకు పూసి, అదే రోజు సెంటీమీటరుకొక కోత పెట్టు. ఫార్మలిన్ గంటకు ఒక మిల్లీమీటరు మించి లోపలికి దిగదు. కోయకుండా రాత్రంతా వదిలేస్తే నడిమి భాగం పాడవుతుంది. పాడైన చోట మైటోసిస్ ఆనవాలు పట్టలేవు, ‘లేవు’ అని రాసేస్తావు. సెక్షన్లు 3-4 మైక్రాన్లు దాటనివ్వకు.

ఇక అసలు సంగతి. నునుపు కండరం గడ్డను స్లైడు మీద గుర్తుపట్టడం కష్టం కాదు. గులాబీ రంగు సైటోప్లాజం, రెండు కొసలూ మొద్దుగా ఉండి చుట్టలా కనిపించే న్యూక్లియస్, పక్కన ఒక్కోసారి చిన్న ఖాళీ బుడగ, నిలువుగా ఒక కట్ట పోతుంటే దానికి అడ్డంగా ఇంకో కట్ట. మాసన్ ట్రైక్రోమ్ వేస్తే కండరం ఎర్రగా, కొల్లాజన్ నీలంగా తేలిపోతుంది. చవకైన స్టెయిను, నీ ల్యాబులోనే వేసుకోవచ్చు. కష్టమంతా ఆ తర్వాతి మాట దగ్గరుంది: మామూలుదా, క్యాన్సరా? దానికి జవాబు స్లైడులో సగమే ఉంటుంది. మిగతా సగం గడ్డ ఎక్కడ పుట్టిందన్నదాంట్లో ఉంటుంది.

పిక్క మీద చర్మం కింద 2 సెంటీమీటర్ల లోపు గడ్డ, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి, చలికి ఇంకా ఎక్కువ, నడివయసు స్త్రీ. అది దాదాపు ఎప్పుడూ యాంజియోలియోమయోమానే. మందపు గోడల రక్తనాళాలు, వాటి గోడ నుంచి చుట్టూ అల్లుకుపోయే కండరం. హాయిగా రాసెయ్. చర్మంలో వెంట్రుకను నిలబెట్టే కండరం నుంచి పుట్టే చిన్న పైలోలియోమయోమా కూడా గుర్తుపట్టడానికి సులువే, దాని వెనక ఇంకో సంగతుంది, చివర్లో చెప్తాను. కండరాన్ని కప్పే పొర (ఫాసియా) దాటి కండరం లోపలికి, కడుపు వెనక్కి వెళ్లావా, అక్కడ లెక్క తిరగబడుతుంది. లోతులో నిజమైన లియోమయోమా చాలా అరుదు, నునుపు కండరపు క్యాన్సర్ అయిన లియోమయోసార్కోమానే ఎక్కువ. ఎంత అరుదంటే, అసలలాంటిది ఉందా అని చాలాకాలం సందేహించారు. 2001లో బిల్లింగ్స్, ఫోల్ప్, వైస్ ఇదే ప్రశ్న పెట్టుకుని 36 గడ్డల్ని ఏరి చూపించారు. ఉన్నాయి, అవి రెండు రకాలు అని తేల్చారు. చేతులూ కాళ్లలో వచ్చేది ఒకటి, ఆడా మగా తేడా లేదు. కడుపులో, కడుపు వెనక వచ్చేది ఇంకొకటి, దాదాపు అన్నీ స్త్రీలకే. ఈ రెండింటికీ కొలతలు వేరు. ఒకదాని కొలత ఇంకోదానికి పెట్టావో, మునిగావు.

ఇప్పుడొక పాత పొరపాటు చెప్పాలి. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అన్నది వదిలెయ్. రిపోర్టు కింద సంతకం మాత్రం నాదే. తప్పు ఎక్కడెక్కడ పడిందో చూడు. నీ కేసుకూ దానికీ అచ్చుగుద్దినట్టు పోలిక ఉంది, అందుకే నాకీ కంగారు.

తొడ ముందు కండరాల మధ్య 9 సెంటీమీటర్ల గడ్డ. ఎక్స్‌రేలో సున్నం మచ్చలు. ‘సున్నం పేరుకుందంటే ఏళ్ల నాటి గడ్డ, మంచిదే అయ్యుంటుంది’ అని అందరి మనసూ నిమ్మళించింది. మొదటి తప్పు అక్కడే. కాళ్లూ చేతుల లియోమయోమాల్లో సున్నం తరచుగా ఉండే మాట నిజం. అంతమాత్రాన సున్నం ఉన్నదల్లా లియోమయోమా కాదు. లియోమయోసార్కోమాలోనూ, సైనోవియల్ సార్కోమా అనే ఇంకో క్యాన్సర్‌లోనూ సున్నం ఉండొచ్చు.

సూదితో మూడు ముక్కలు తీశారు. మూడూ చేతికి సులువుగా అందిన ఒకే పక్క నుంచి. రెండో తప్పు. తొమ్మిది సెంటీమీటర్ల గడ్డలో ఆ మూడు ముక్కలు అన్నం కుండలో మూడు మెతుకులు. అన్నమైతే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఈ గడ్డ అలా కాదు, ఒక మూల ఉడికి ఉంటుంది, ఇంకో మూల మాడి ఉంటుంది. ఆ మూడు ముక్కల్లోనూ పుస్తకంలో బొమ్మలాంటి కండరం. కండరాన్ని పట్టించే స్టెయిన్లు ఎస్‌ఎంఏ, డెస్మిన్ రెండూ పాజిటివ్. మైటోసిస్ లేవు.

మూడో తప్పు రిపోర్టులో: ‘లియోమయోమా’. ఒకే ఒక్క మాట. దానికి ముందూ వెనకా ఏ షరతూ లేదు. సర్జన్ ఏం చేస్తారు? మామూలు గడ్డ అనుకుని తొక్క ఒలిచినట్టు ఒలిచి తీశారు. చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కండరం పొర ఒక్కటీ దానితో రాలేదు. ఆయన తప్పు లేదు, ఆ రిపోర్టు చెప్పిందే చేశారు.

గడ్డ ల్యాబుకొచ్చింది. ఎలాగూ లియోమయోమానే కదా అని రెండు బ్లాకులతో, అంటే మైనంలో పొదిగిన రెండు ముక్కలతో, సరిపెట్టారు. నాలుగో తప్పు. అన్నిటికంటే నాకు మింగుడు పడనిది ఇదే. ఎందుకంటే గడ్డ మొత్తం బల్ల మీదే ఉంది. కోసిన ముఖంలో ఎక్కువ భాగం దారపు ఉండలా సుళ్లు తిరిగి తెల్లగా, గట్టిగా ఉంది. ఒక అంచున మాత్రం రూపాయి బిళ్లంత మేర సుడి లేదు. చేప మాంసంలా మెత్తగా, బూడిద రంగులో, నడుమ కాస్త పసుపు. కళ్లు దాని మీదుగా జారిపోయాయి. మిగిలిన గడ్డ ఉన్న జాడీ పారెయ్యలేదు కాబట్టి బతికిపోయాం. సర్జన్ ఇంకేదో అడగడానికి ఫోన్ చేస్తే మళ్లీ తీసి, వరసగా బ్లాకులు పెడితే ఏడో బ్లాకులో దొరికింది. నల్లబడి ఉబ్బిన న్యూక్లియస్‌లు (ఎటిపియా అనేది దీన్నే), పది ఫీల్డుల్లోనే (మైక్రోస్కోపులో ఒకసారికి కనబడే గుండ్రటి మేర ఒక ఫీల్డు) నాలుగు మైటోసిస్, పక్కనే నెక్రోసిస్, అంటే చచ్చిన కణజాలం. లియోమయోసార్కోమా. మళ్లీ ఆపరేషన్. ఈసారి పాత కుట్టు, దాని కిందున్న కండరం మొత్తం. ఆ తర్వాత రేడియేషన్. మొదటిసారే సార్కోమా అనుమానంతో పద్ధతిగా తీసి ఉంటే ఆ మనిషికి అంత కండరం పోయేది కాదు.

అందుకని నీ కేసులో ఇలా రాయి: ‘నునుపు కండర కణితి. ఈ ముక్కల్లో ఎటిపియా, నెక్రోసిస్, మైటోసిస్ కనబడలేదు. గడ్డ లోతుగా ఉన్నందున లియోమయోసార్కోమా కాదని ఈ బయాప్సీ ఆధారంగా చెప్పలేం. పూర్తిగా తీసిన గడ్డ పరీక్షించాలి.’ సర్జన్ విసుక్కుంటాడు. విసుక్కోనీ. ఎమ్మారై చూశాడా అడుగు. సూది దారి కూడా ఆపరేషన్‌లో కోసి తీసేలా ఉండాలి, ఆ దారి ఆపరేషన్ చేసే సర్జనే ఎంచాలి అని నెమ్మదిగా చెప్పు.

గడ్డ వచ్చాక సెంటీమీటరుకు ఒక బ్లాకు తక్కువ పెట్టకు. రంగు మారిన చోట, మెత్తబడిన చోట, రక్తం కనిపించిన చోట అదనంగా పెట్టు. సున్నం గట్టిగా ఉంటే ఈడీటీఏ ద్రావణంలో కరిగించు, రోజులు పట్టినా సరే. తొందరపడి ఘాటు యాసిడ్‌లో వేశావంటే తర్వాత ఐహెచ్‌సీ (యాంటీబాడీలతో వేసే స్టెయిన్లు), జన్యు పరీక్షలు దెబ్బతింటాయి. జాడీ కనీసం రిపోర్టు మీద అన్ని ప్రశ్నలూ తీరేదాకా ఉంచు.

కాళ్లూ చేతుల గడ్డకు ‘లియోమయోమా’ అనాలంటే ఎటిపియా ఉండకూడదు, నెక్రోసిస్ ఉండకూడదు, మైటోసిస్ 50 ఫీల్డులకు ఒకటి కూడా రాకూడదు. ఇక్కడొక చిన్న లెక్క, దీన్ని చాలామంది పట్టించుకోరు. నీ మైక్రోస్కోపు ఐపీస్ తీసి అంచు మీద చూడు, 22 అనో 18 అనో చెక్కి ఉంటుంది. 40 ఆబ్జెక్టివ్ కింద 22 ఐపీస్‌కి ఒక ఫీల్డు 0.55 మిల్లీమీటర్ల వెడల్పు, వైశాల్యం దాదాపు 0.24 చదరపు మిల్లీమీటర్లు. 18 ఐపీస్‌కి 0.16 మాత్రమే. అంటే నువ్వు 50 ఫీల్డులు చూస్తే ఒకదాంట్లో దాదాపు 12 చదరపు మిల్లీమీటర్లు చూసినట్టు, ఇంకోదాంట్లో 8. సెకండ్ హ్యాండ్ మైక్రోస్కోపు కొన్నానన్నావుగా, ముందది చూసుకో. ఎక్కువ చురుగ్గా కనిపించే చోట మొదలుపెట్టి పక్కపక్క ఫీల్డులే లెక్కపెట్టు, నచ్చిన చోటికి గెంతకు. ముడుచుకుని నల్లబడ్డ చచ్చిన న్యూక్లియస్‌ని మైటోసిస్ అనుకోకు. దాని చుట్టూ సైటోప్లాజం కుంచించుకుపోయి ఎర్రగా ఉంటుంది.

కడుపు వెనక గడ్డ, మనిషి స్త్రీ అయితే, గర్భాశయపు ఫైబ్రాయిడ్ తత్వమే అక్కడా కనిపిస్తుంది. ఈఆర్, పీఆర్ (ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రిసెప్టర్ల స్టెయిన్లు) రెండూ వేసి చూడు. అవి బలంగా పాజిటివ్ అయి, ఎటిపియా, నెక్రోసిస్ లేకపోతే 50 ఫీల్డులకు నాలుగైదు మైటోసిస్ ఉన్నా లియోమయోమా అనొచ్చు. గతంలో గర్భాశయం తీయించుకున్నారా, తీసినప్పుడు గడ్డను లోపలే ముక్కలు చేశారా అని అడగడం మరవకు, తప్పిపోయిన ముక్కలు అక్కడే పెరగగలవు. అదే చోట మగవాడికి వస్తే మాత్రం లియోమయోమా అన్న మాటే దగ్గరకు రానివ్వకు, అనుమానంగానే చూడు.

ఐహెచ్‌సీలో ఒక్క ఎస్‌ఎంఏ పాజిటివ్ చూసి సంబరపడకు. నాడ్యులర్ ఫేషియైటిస్ అనే, నునుపు కండరానిది కాని మామూలు గడ్డకీ అది పాజిటివే. డెస్మిన్, ఇంకో కండరం స్టెయిను హెచ్-కాల్డెస్మన్ కూడా కావాలి. ఎస్100 వస్తే నరం గడ్డేమో చూడు, కడుపులో అయితే సీడీ117, డాగ్1 స్టెయిన్లతో జీర్ణకోశం గోడలో పుట్టే జిస్ట్ కాదని చూడు, హెచ్‌ఎంబీ45 తో రక్తనాళాల పక్క కణాల గడ్డ పీకోమా కాదని చూడు. కడుపు వెనక గడ్డయితే ఎండీఎం2 పరీక్ష మరవకు. డీడిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా అనే కొవ్వు క్యాన్సర్ కండరం వేషం వేసుకుని వస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకో, కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లకో ఇలాంటి గడ్డ వస్తే ఈబర్ పరీక్ష పంపు, అది ఎప్‌స్టీన్ బార్ వైరస్ పని కావచ్చు. ఇవన్నీ నీ దగ్గర ఉండవు, ఉండక్కర్లేదు. బ్లాకు పంపిస్తే చాలు.

ఇక పైలోలియోమయోమా సంగతి. చర్మం మీద ఒకటి కాదు, గుంపుగా ఉంటే రిపోర్టు అక్కడితో ఆపకు. ఎఫ్‌హెచ్ జన్యువు లోపం కావచ్చు. ఆ ఇంట్లో ఆడవాళ్లకు చిన్న వయసులోనే గర్భాశయంలో గడ్డలుంటాయి. కొందరికి కిడ్నీ క్యాన్సర్ వస్తుంది, అది చిన్నగా ఉన్నప్పుడే పాకేస్తుంది. ఆ గర్భాశయపు గడ్డ, కిడ్నీ క్యాన్సర్ స్లైడుల్లో న్యూక్లియస్ లోపల పెద్ద ఎర్రటి చుక్క (న్యూక్లియోలస్), చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తే అనుమానించు. ఎఫ్‌హెచ్ ఐహెచ్‌సీ నెగటివ్ అయితే బలమైన సూచన. పాజిటివ్ అయినంత మాత్రాన లేదని కాదు. జన్యు కౌన్సెలింగ్‌కి పంపమని స్పష్టంగా రాయి. లోపమున్న తల్లికో తండ్రికో పుట్టిన ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మన వైపు మేనరికాలు ఇంకా ఉన్నాయి. భార్యాభర్తలిద్దరిలోనూ అదే లోపముంటే రెండు పక్కల నుంచీ అందుకున్న బిడ్డకు మెదడు ఎదగని జబ్బు వస్తుంది. నీ రిపోర్టులో ఒక్క వాక్యం ఆ ఇంటికి ఎంత పనికొస్తుందో చూడు తల్లీ.

ఫోటోలు పంపకు. ఫోటోలో నువ్వు చూపించిందే నాకు కనబడుతుంది, నాకు నువ్వు చూడనిది కావాలి. స్లైడులు, బ్లాకులు, ఎమ్మారై సీడీ, సర్జన్ రాసిన చీటీ, నాలుగూ కలిపి పంపు. బ్లాకులు ఎండలో పెట్టకు. పారాఫిన్ 56-60 డిగ్రీలకు కరుగుతుంది. మీ ఊరి ఎండకు మూసేసిన కారు డిక్కీలో పెడితే మెత్తబడి వంగిపోతాయి. ఒక్కో బ్లాకునూ కాగితంలో చుట్టి, దూది పెట్టిన డబ్బాలో సర్ది, స్లైడులు వేరే పెట్టెలో పెట్టి, చీకటి పడ్డాక బయల్దేరే ఆర్టీసీ కార్గోకి ఇవ్వు. పొద్దున్నే బస్టాండుకు నేనే వెళ్లి తెచ్చుకుంటాను. చూశాక ఫోన్ చేస్తాను, అప్పటిదాకా సర్జన్‌కి పైన రాసిచ్చిన నాలుగు వాక్యాలే పంపు.

నీ మేనత్త